నాలుగో రీలు

జూన్ 2

పబ్లిషరమ్మాయి మళ్ళీ ఫోన్ చేసింది. నా పుస్తకం కొత్త ఎడిషన్ నవంబరులో తెస్తుందట. అరవైల నాటి హాలీవుడ్ సినిమాల మీద రాసిన ఇరవై రెండు వ్యాసాలూ అలాగే వేసి, ఒక్కోదాని చివర ఇప్పుడేమనుకుంటున్నానో ఒక పేజీ రాయాలట. సినిమాలన్నీ మళ్ళీ చూసి రాయండి సార్, జ్ఞాపకం మీద రాస్తే తెలిసిపోతుంది అంది. గడుసుది. ఇరవై రెండూ ఒక చిన్న డబ్బాలో పెట్టి పంపిస్తానంది. అప్పట్లో ఒక్క సినిమా మోయడానికి ఇద్దరు మనుషులు కావాల్సివచ్చేది.

ఎనభై ఒకటో ఏట హోంవర్క్. ఒప్పుకున్నాను. ఎవరూ ఏమీ అడగని రోజులు చాలా గడిచాయి, అందుకని ఒప్పుకున్నాను.

జూన్ 5

డబ్బా వచ్చింది. అగ్గిపెట్టెంత ఉంది. టీవీకి తగిలించడానికి పొద్దుటినుంచి భోజనాల వేళ దాకా పట్టింది. మా ఆవిడ వచ్చి చూసి, ఆ వైరు అటు కాదేమో అనేసి వెళ్ళిపోయింది. నిజంగానే అటు కాదు.

జూన్ 6

మొదటిది ఆఫీసు కామెడీ. మేనేజరు బల్ల చుట్టూ టైపిస్టుని తరుముతుంటాడు, ఆ అమ్మాయి కెవ్వుమంటూ పరిగెడుతుంటుంది. పొట్ట చెక్కలయ్యేలా నవ్వించే సినిమా అని రాశాను. ఇవాళ గంటన్నరలో ఒక్కసారి కూడా నవ్వు రాలేదు. ఆ అమ్మాయి తలుపు గొళ్ళెం కోసం చేత్తో తడుముకునే షాట్ ఒకటుంది. అదీ కామెడీయే అనుకున్నాను అప్పుడు. హాలంతా అనుకుంది. తప్పు హాలు మీదికి తోసెయ్యడం తేలిక.

జూన్ 9

గుర్రాల సినిమా. ఏమీ తోచక చచ్చినవాళ్ళని లెక్కపెట్టాను. నలభై ముగ్గురు. వాళ్ళలో పేరున్నవాళ్ళు ఇద్దరు. నా వ్యాసంలో మాత్రం ఆకాశం గురించి పేజీన్నర ఉంది.

జూన్ 10

పాటల సినిమా. ఏడ్చాను. దీని గురించి మాత్రం అప్పుడు తప్పు రాయలేదు.

జూన్ 14

మా ఆవిడని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఎడమ కంట్లో మధ్య భాగం పోయిందట. కుడిదీ అదే దారిలో ఉందట. అంచులు కనపడతాయి, మధ్యలో మసక. పూర్తిగా చీకటైతే అయిపోదమ్మా, కంగారు పడకండి అన్నాడు డాక్టరు. చదువుకోవడం ఎన్నాళ్ళండీ అని ఆవిడే అడిగింది. నెలలు అన్నాడు. ఎన్ని నెలలని ఆవిడ అడగలేదు. నేనూ అడగలేదు.

రోజుకో డిటెక్టివ్ నవల నమిలి పారేసే మనిషి. తిరిగొస్తూ టాక్సీలో షాపుల బోర్డులన్నీ పైకి చదువుతూ వచ్చింది. రెండు తప్పు చదివింది. సరిదిద్దబోయి నోరు మూసుకున్నాను. అలవాటు, ఏం చెయ్యను.

జూన్ 15

భోజనాలయ్యాక, కూర్చో, ఇవాళ మంచి సినిమా ఉంది అన్నాను. మీరు చూడండి, నాకు బోలెడు పనుంది అంది. ఏం పని అంటే, మడత పెట్టి ఉన్న తువ్వాలు విప్పి మళ్ళీ మడత పెట్టింది.

పెళ్ళయి యాభై ఐదేళ్ళు. మొదటి ఏడాది తప్పిస్తే ఆవిడ నా పక్కన కూర్చుని సినిమా చూడలేదు. నిజానికి నాకన్నా ముందునుంచీ చూసిన మనిషి. వాళ్ళ నాన్న ఒక చిన్న ఊళ్ళో సినిమా హాల్లో బుకింగ్ క్లర్కు. బడి వదలగానే ఇంటికి కాదు, హాలుకి వెళ్ళేది. ఇంగ్లీషు సినిమాలు ఆ ఊళ్ళో మూడేసి రోజులు ఆడేవి, ఆవిడ ఆటాటకీ ఉండేది. పెళ్ళిచూపుల్లో మేం మాట్లాడుకున్నదంతా సినిమాలే. నాకు అందుకే నచ్చింది. తనకి నేను ఎందుకు నచ్చానో అడగలేదు.

ఎప్పటినుంచి మానేసిందో తెలుసు. ఇవాళ రాయబుద్ధి కావడం లేదు.

జూన్ 21

పదమూడు అయ్యాయి. రేపు పద్నాలుగోది.

నా పుస్తకం గురించి ఎవరు మాట్లాడినా పద్నాలుగో వ్యాసం గురించే మాట్లాడతారు. కాలేజీల్లో పాఠంగా పెట్టారు. పరీక్షల్లో ఇచ్చారు. ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తాగా ఉన్నవాణ్ణి పిలిచి పత్రికలో కుర్చీ వేసింది ఆ వ్యాసాన్ని చూసే. నాకు పిల్లనిచ్చిన మామగారు పోయేటప్పుడు కూడా దాని కటింగ్ ఆయన పర్సులో ఉంది. ఆయనకి నేనంటే అంత గొప్ప.

ఆ సినిమా మళ్ళీ ఇటువైపు రాలేదు. ప్రింటు తిరిగి వెళ్ళిపోయింది, టీవీలో వెయ్యలేదు, కాసెట్టు దొరకలేదు. ఈమధ్యే ఎవరో దుమ్ము దులిపి బాగు చేశారట. యాభై నాలుగేళ్ళ తరవాత చూడబోతున్నాను.

జూన్ 22, మధ్యాహ్నం నాలుగు

చూశాను. రెండుసార్లు చూశాను.

ముందు కథ రాసుకుంటాను, లేకపోతే బుర్ర తిన్నగా ఉండేలా లేదు. ఇంటింటికీ తిరిగి ఫ్రిజ్‌లు అమ్మే భర్త. ఇంట్లో పిల్లలకి పియానో నేర్పే భార్య. సినిమా మొత్తం ఆరు రీళ్ళు, ఆరు రేకు డబ్బాలు, ఒక్కోదాంట్లో దాదాపు ఇరవై నిమిషాలు. మా ఫిల్మ్ సొసైటీ ఆదివారం పొద్దున్న వేసిన ఆటలో మేం చూసింది ఇది: భార్య సూట్‌కేసు తీసుకుని వెళ్ళిపోతుంది. భర్త ఖాళీ ఇంట్లో కూర్చుంటాడు. ఆ వెంటనే, చెప్పాపెట్టకుండా, ఇద్దరూ మళ్ళీ ఒకే ఇంట్లో ఉంటారు, చివరికి వంటింట్లో రేడియో పెట్టుకుని డాన్సు చేస్తుంటారు. ఆ తరవాత అతను ఆమె కొత్త ఇంటి ఎదురుగా కారాపుకుని, దిగకుండా వెళ్ళిపోతాడు. అయిపోయింది.

నేను రాసింది: ఆ డాన్సు భర్త జ్ఞాపకం. జ్ఞాపకమని చెప్పడానికి తెర మసకబారదు, వీణ మోగదు. పోయిన ప్రేమ పోయినట్టు కాక ఇప్పుడే జరుగుతున్నట్టు వచ్చి పడుతుంది. ఇంత ధైర్యం చేసిన దర్శకుడు లేడు. పద్నాలుగు పేజీలు.

ఇవాళ చూసిన సినిమాలో డాన్సు ముందు ఉంది. తరవాత ఆమె వెళ్ళిపోతుంది. కాలాన్ని విరగ్గొట్టడం లేదు, పాడూ లేదు. తిన్నగా నడిచే సంసారం కథ. ఆ ఆదివారం మాకు ఐదో రీలు ముందు వేసి నాలుగో రీలు తరవాత వేశారు. అంతే జరిగింది. ఇన్నేళ్ళూ ఎవరికీ తెలీదు. నాకూ తెలీదు.

అది కూడా కాదు నన్ను పట్టుకున్నది. డాన్సులో అతను ఆమె మణికట్టు పట్టుకుని ఉంటాడు. వదులు అంటుంది. రేడియో గట్టిగా ఉంది, అతను నవ్వుతూ ఉంటాడు. మళ్ళీ అంటుంది. తిప్పుతూనే ఉంటాడు. ఆమె తుంటి పొయ్యిగట్టుకి కొట్టుకుంటుంది. మూడోసారి అంటుంది. పాట అయిపోయాక అతను ఆయాసపడుతూ, ఎంత బావుందో కదా అంటాడు. ఆమె తన చెయ్యి చూసుకుని, వెళ్ళి పియానో మూత వేస్తుంది. ఆ తరవాతి షాట్ సూట్‌కేసు.

అందులో జ్ఞాపకం ఏదీ లేదు. అది కారణం.

మూడుసార్లు వదులు అంటుంది. నేను రాసింది: 'ఆమె మాటల్లేకుండా అతని చేతుల్లో కరిగిపోతుంది.'

జూన్ 23

ఆ రోజు సంగతి రాయాలి.

ఆట అయ్యాక హాలు మెట్ల మీద సొసైటీ వాళ్ళం ఇరవైమందిమి నిలబడ్డాం. అందరికీ పిచ్చెక్కినట్టుంది. నేను అప్పటికే జ్ఞాపకమనీ అదనీ మొదలుపెట్టేశాను, అందరూ వింటున్నారు. పెళ్ళయి పది నెలలైన మా ఆవిడ నా పక్కనే ఉంది. రీళ్ళు మారిపోయాయండీ, డాన్సు ముందు, ఆవిడ వెళ్ళిపోయేది తరవాత కదా అంది. వాళ్ళ నాన్న హాల్లో తను ఆ సినిమా తొమ్మిదిసార్లు చూసింది.

మీ నాన్న హాల్లో ఇంటర్వెల్ దగ్గర్నుంచి మొదలుపెడతారేమో అన్నాను. ఇరవైమందీ నవ్వారు. తనూ నవ్వింది.

అక్కడితో ఆపితే బావుండేది. వ్యాసంలో కూడా పెట్టాను. పుస్తకం తీసి చూసి రాస్తున్నాను: 'కథ తిన్నగా నడవకపోతే దారి తప్పామనుకునే ప్రేక్షకులు కొందరుంటారు. మొన్న ఒకామె రీళ్ళు తారుమారయ్యాయని నాతో వాదించింది. ఆమె అమాయకత్వమే ఈ దర్శకుడి విజయం.' ఆ ఒకామె ఎవరో సొసైటీలో అందరికీ తెలుసు. ఆవిడకి రీలమ్మ అని పేరు పెట్టారు. ఇంటికొచ్చిన ప్రతివాడూ రీలమ్మగారూ, కాసిని మంచినీళ్ళు అనేవాడు. మా అమ్మాయి చిన్నప్పుడు అది వాళ్ళమ్మ ముద్దుపేరనుకుని స్కూల్లో కూడా చెప్పుకుంది.

ఆ వ్యాసం వచ్చిన తరవాతి ఆదివారం, మీరు వెళ్ళండి, తలనొప్పిగా ఉంది అంది. ఆ తలనొప్పి ఇంకా తగ్గలేదు.

జూన్ 27

సినిమాలు చూడటం లేదు. పబ్లిషరమ్మాయి రెండుసార్లు చేసింది, ఎత్తలేదు. మా ఆవిడ నవలని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ముక్కుకి ఆనించుకుని చదువుతోంది. పేజీకి పావుగంట.

జూలై 1

'నాకూ తెలీదు' అని రాశాను జూన్ 22న. ఎవరూ చదవని డైరీలో కూడా అబద్ధం రాశాను. నా మొహానికి ఇంకెక్కడ నిజం చెప్పడం వస్తుంది.

నాకు తెలుసు. మూడో రోజే తెలుసు.

ఆదివారం ఆట. ఆ సాయంత్రమే వ్యాసం రాసి సోమవారం ఇచ్చేశాను. బుధవారం సాయంత్రం ఆ హాల్లో ప్రొజెక్టరు నడిపే ఆపరేటరు మా ఇంటికి వచ్చాడు. పెద్దాయన, చేతులకి ఎప్పుడూ నూనె ఉండేది. గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. కూర్చోమన్నాక కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. ప్రింటు ఆదివారం పొద్దున్నే రైల్లో దిగిందట. ఫిల్ము అతుకులు చూసుకుందామని నాలుగో డబ్బా, ఐదో డబ్బా పక్కపక్కన తెరిచాడట, హడావిడిలో మూతలు మార్చి పెట్టేశాడట. రీలు మొదట్లో నంబరుండే ముక్క ఎప్పుడో తెగిపోయింది, మూత మీది నంబరు తప్ప ఆధారం లేదు. ప్రింటు తిరిగి పంపేముందు మళ్ళీ సరిచూస్తే తేలిందట. తప్పు నాదే బాబూ, మీరు పత్రికలో రాస్తున్నారని విన్నాను, ముందే చెబుదామని వచ్చాను అన్నాడు.

వ్యాసం శుక్రవారం వస్తుంది. రెండు రోజులుంది. పత్రికాఫీసుకి వెళ్ళి ఒక్క మాట చెబితే ఆపేసేవారు. ఆ పొద్దున్నే ఎడిటరు కబురు పంపాడు, ఇలాంటిది మన భాషలో రాలేదయ్యా అని. నాకు ఇరవై ఏడేళ్ళు. సరే నేను చూసుకుంటాను, మీరు ఇంకెవరితోనూ అనకండి, మీ ఉద్యోగానికే ముప్పు అన్నాను. ఆయన కోసం చెప్పినట్టే చెప్పాను. ఆయన దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. పోయేదాకా ఎవరితోనూ అనలేదు. దారిలో ఎదురైతే ఆయనే తల దించుకునేవాడు.

రాసేశాను. ఏమీ తేలిక పడలేదు.

జూలై 4

పద్నాలుగో వ్యాసానికి పేజీ రాశాను. రీళ్ళు తారుమారయ్యాయి, నా భార్య అప్పుడే చెప్పింది, నేను నమ్మలేదు, ఎగతాళి చేశాను, యాభై నాలుగేళ్ళ తరవాత తన మాటే నిజమని ఇప్పుడు చూసి తెలుసుకున్నాను, తప్పు ఒప్పుకుంటున్నాను. ఇలా. బాగా కుదిరింది. కుదరడమే అనుమానంగా ఉంది.

ఆపరేటరు సంగతి రాయలేదు. తెలియక పొరబడ్డవాడి మీద జనానికి జాలి ఉంటుంది. తెలిసి దాచినవాడి మీద ఉండదు.

జూలై 6

పబ్లిషరమ్మాయి పొంగిపోయింది. సార్, పుస్తకం మొత్తానికి ఇదే హైలైట్, వెనక అట్ట మీద వేద్దాం అంది. ఆంటీ ఫొటో ఒకటి పంపండి, ఆ రోజుల్లోది అంది. వెతుకుతానన్నాను. ఆవిడ నవ్వుతున్న ఫొటో కావాలట.

జూలై 9

ఆ పేజీ పెద్ద అక్షరాలతో ప్రింటు తీయించి మా ఆవిడకి ఇచ్చాను. తన కళ్ళతో తను చదవాలి, అది నాకు ముఖ్యం. ఇంకెన్నాళ్ళు చదవగలదో తెలీదు. భూతద్దం పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది. ఒక్క పేజీకి నలభై నిమిషాలు పట్టింది. నేను ఎదురుగా కూర్చుని పేపరు చూస్తున్నట్టు నటించాను.

చదివి, కాగితం మడత పెట్టి, బానే రాశారు అంది. కాగితం నా చేతికిస్తూ, ఆపరేటరుగారు వచ్చింది రాయలేదే అంది.

పేపరు దించి, నీకెలా తెలుసు అన్నాను.

ఆ రోజు టీ తెచ్చింది నేనే కదండీ అంది. గడపలోకి వస్తుంటే మూతల సంగతి చెబుతున్నాడు. నేనక్కడే ఆగిపోయాను. మీరు ఆయనతో, ఎవరితోనూ అనకండి అనేదాకా ఉండి, అప్పుడు లోపలికి వచ్చాను. ఆయన కప్పు అందుకోబోతే సాసర్లో టీ ఒలికింది, మీరేమో పంచదార తక్కువైందన్నారు. మళ్ళీ తెచ్చి వేశాను.

అన్నీ అంత మామూలుగా చెప్పింది, ఎవరింటి సంగతో చెబుతున్నట్టు. ఎందుకు అడగలేదని అడిగాను. శుక్రవారం దాకా చూశాను అంది. మీరే వెళ్ళి ఆపుతారేమో అనుకున్నాను. పత్రిక వచ్చింది, అందులో నా గురించి కూడా ఉంది. ఇంక అడగడానికి ఏముంది.

భూతద్దం తుడిచి డబ్బాలో పెట్టుకుని, రాత్రికి ఏం వండమంటారు అంది.

జూలై 10

ఆవిడ మామూలుగానే ఉంది. ఇన్నాళ్ళూ ఇలాగే ఉండేది. అంటే ఇన్నాళ్ళూ తెలిసే ఇలా ఉంది.

జూలై 11

నేను ఇంట్లో సినిమా గురించి వాగినప్పుడల్లా ఎదురుగా కూర్చుని వింది. జ్యూరీలకి పిలిచినప్పుడు నా చొక్కాలు ఇస్త్రీ చేసింది. ఆ వ్యాసానికి యాభై ఏళ్ళని సన్మానం చేస్తే మొదటి వరసలో కూర్చుంది. ఆ రోజు కూడా నేను స్టేజీ మీద ఆ ఒకామె కథ చెప్పి నవ్వించాను. ఫొటోలో తను చప్పట్లు కొడుతోంది. ఇవాళ ఆ ఫొటో తీసి చూశాను. చేతులు దగ్గరికి వచ్చి ఉన్నాయి, తగిలాయో లేదో తెలియడం లేదు.

సిగ్గుగా ఉంది. ఇంతకన్నా మంచి మాట కోసం వెతకను. వెతికితే వ్యాసం అయిపోతుంది.

జూలై 13

మళ్ళీ రాశాను. ఆపరేటరు, బుధవారం, రెండు రోజుల వ్యవధి, పంచదార, అన్నీ. పేజీ కాస్తా నాలుగు పేజీలైంది. బాగా లేదు. అలాగే పంపించాను.

జూలై 17

నాలుగు రోజులకి ఫోన్ చేసింది పబ్లిషరమ్మాయి. గొంతులో మునుపటి హుషారు లేదు. ముందుమాట రాస్తానన్న ప్రొఫెసరుగారికి చూపించిందట, ఆయన తప్పుకున్నాడట. ఇరవై ఏళ్ళుగా పిల్లలకి ఈ పాఠం చెప్పాను, నేనేం కావాలి అన్నాడట. పాపం, ఆయన అడిగిందీ నిజమే. మొదట పంపిన పేజీయే వేద్దాం సార్, అందులో కూడా తప్పు ఒప్పుకున్నారు కదా అంది. లేదా ఆ వ్యాసం తీసేసి ఇరవై ఒకటి వేద్దాం అంది. రెండోసారి పంపిన నాలుగు పేజీలే వెయ్యి, లేకపోతే పుస్తకమే వద్దు అన్నాను. సరే, అదే వేస్తాను అంది. తరవాత, ఆంటీకి చెప్పారా సార్ అంది.

జూలై 18

చెప్పాను. మొత్తం అచ్చవుతోంది, అంతా రాశాను అన్నాను. ఇప్పుడు అచ్చులో ఏ అక్షరమూ నాకు ఆనడం లేదు కదండీ అంది. నిన్నటినుంచి కుడి కన్ను కూడా అంతేనట. నాకు చెప్పలేదు. నవల మాత్రం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటోంది.

నేను చదివి వినిపిస్తానన్నాను.

వద్దు అంది. మీ గొంతుతో వద్దు. ఆ పిల్లని రమ్మనండి.

జూలై 23

పబ్లిషరమ్మాయి వచ్చింది. మా ఆవిడ ఆ పిల్లని పడగ్గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసుకుంది. నేను హాల్లో కూర్చున్నాను. నేను రాసిన మాటలు వేరే మనిషి గొంతులో గోడ అవతలినుంచి గొణుగుడులా వస్తున్నాయి. మధ్యలో ఒకచోట ఆగింది. మా ఆవిడ ఏదో అంది. మళ్ళీ మొదలైంది. గంట పట్టింది.

ఆ పిల్ల కళ్ళు ఎర్రగా చేసుకుని బయటికి వచ్చింది. నా వంక చూడలేదు. ఒక్క దిద్దుబాటు ఉంది సార్ అంది. తొమ్మిదిసార్లు కాదట, ఆంటీ ఆ సినిమా పదకొండుసార్లు చూశారట. ఇంకేమీ అనలేదా అని అడిగాను. లేదండీ, అది మాత్రం తప్పకుండా మార్చమన్నారు అంది.

జూలై 29

పద్నాలుగోది పెట్టండి, చూస్తాను అంది పొద్దున్న. రేపు మధ్యాహ్నం. సినిమా నడుస్తున్నంతసేపూ నేను ఒక్క మాట కూడా మాట్లాడకూడదని షరతు. ఒప్పుకున్నాను.

జూలై 30

కళ్ళ డాక్టరు దగ్గర నేర్పారట: ఇప్పుడు తనకి ఏదైనా కనపడాలంటే దాని వైపు చూడకూడదు, కాస్త పక్కకి చూడాలి. తెర ఎదురుగా ఉంది. పక్కన నేనున్నాను. గంటా యాభై నిమిషాలు ఆవిడ నా మొహంలోకే చూస్తూ సినిమా చూసింది.

వంటింట్లో రేడియో మొదలైనప్పుడు షరతు తప్పాను. నేను కనపడుతున్నానా అని అడిగాను. లేదు, మీరున్న చోటే మసక, సినిమా మాత్రం బాగా కనపడుతోంది, కదలకండి అంది.

కదలకుండా కూర్చున్నాను.